జడకంటిన గేర్ ఆయిల్

తలుపు తీసిన యువకుడు ఆమెను చూసి, ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని మెడ సాచి మెట్లవైపు చూశాడు.

"ఫిజియో రాలేదాండీ?" అన్నాడు.

"వచ్చింది. మీ ఎదురుగానే నిలబడింది."

"మీరా!" ఆశ్చర్యం దాచుకోవాలన్న ప్రయత్నం కూడా చెయ్యలేదతను. "అంటే... ఏమనుకోకండి. కాస్త బలమైనవాళ్ళని పంపించమని మీ క్లినిక్‌కి చెప్పాం. మా నాన్న చెయ్యి పైకి లేపించాలి. ఆయన ఒకరి మాట వినే రకం కాదు."

"నాకు పని ఆయన చేత్తో అండీ. అది వింటే చాలు." ఆమె భుజానికున్న సంచీ తీసి అతనికి అందించింది. "ఇది ఒక్క నిమిషం పట్టుకుంటారా? బూట్ల లేసులు విప్పుకోవాలి."

అతను ఒంటి చేత్తో అందుకున్నాడు. సంచీ అతన్ని కూడా వెంటబెట్టుకుని నేలవైపు బయల్దేరింది. రెండో చెయ్యి వేసి, గోడకు వీపు ఆనించి, ఎలాగో నిలదొక్కుకున్నాడు.

"ఏముందండీ ఇందులో?"

"ఇసుక మూటలు, ఇనప డంబెల్స్. జాగ్రత్త, మీ నడుం పట్టేస్తే దానికి వేరే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి."

లోపలి గదిలోంచి పెద్ద నవ్వు వినిపించింది. "ఒరేయ్, ఆ అమ్మాయిని లోపలికి రానియ్యరా! నాకు నచ్చింది."

ఆ నచ్చడం ఎంతోసేపు నిలవలేదు. ఆమె ఆయన కుడి మోచెయ్యి పట్టుకుని భుజం పైకి కదిలించగానే పెద్దాయన పెట్టిన కేకకి వంటింట్లోంచి ఆయన భార్య పరిగెత్తుకొచ్చింది. చేతిలో పేపరు, చెవి మీద పెన్సిలు. గళ్ళనుడికట్టు మధ్యలో లేచొచ్చినట్టుంది.

"ఏమైందండీ?"

"ఈ డాక్టరమ్మ నా చెయ్యి ఊడబెరికేస్తోంది!"

"నేను డాక్టర్ని కాదు అంకుల్. మీ చెయ్యి ఊడలేదు కూడా. అతికించి నెలలైంది. అది అతుక్కుందని మీరు నమ్మడం లేదు, అంతే."

అసలు సంగతి అదే. పెద్దాయన గరాజులో ట్యూబ్‌లైటు మార్చబోయి స్టూలు మీంచి పడ్డాడు. భుజంలో కండరం తెగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు అంతా సవ్యంగా ఉందన్నాడు. కానీ చెయ్యి భుజం ఎత్తుదాకా లేచి అక్కడ ఆగిపోయేది. ఆ పైకి లేపితే మళ్ళీ తెగిపోతుందన్న భయం ఆయన మనసులోంచి దిగి భుజంలో గూడు కట్టుకుంది.

"బిగుసుకుపోయినదాన్ని బలం పెట్టి లాగకూడదు అంకుల్," అనేది ఆమె, వేడి సంచీ భుజానికి చుడుతూ. "ముందు వెచ్చబెట్టాలి. తరవాత కాస్త అటు, కాస్త ఇటు. తొందరపడకూడదు. అలిగిన మనిషిని బతిమాలినట్టన్నమాట."

"మా ఆవిడ నన్నెప్పుడూ అలా బతిమాలలేదు."

"మీరు అలగడం మానితే కదా, బతిమాలడం మొదలెట్టేది," అంది భార్య పేపర్లోంచి తలెత్తకుండా.

*

మొదటిరోజు ఆమె వెళ్ళేటప్పుడు కొడుకు గేటుదాకా వచ్చాడు. తలుపు దగ్గర అన్న మాటకి సంజాయిషీ చెప్పుకోవాలనుకున్నాడేమో, ఆ మాట రాక వాతావరణం అందుకున్నాడు.

"గొడుగు లోపల పెట్టుకోండి. ఇవాళ వాన పడదు."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?"

"నేను పనిచేసేది వాతావరణ ఆఫీసులోనండీ," అన్నాడు, చొక్కా కాలరు సవరించుకుంటూ.

వీధి మలుపు తిరిగేలోగా బట్టలు పిండుకునేంత వాన కురిసింది.

తరవాతిసారి వచ్చినప్పుడు ఆమె గుమ్మంలోనే అడిగింది. "ఇవాళ ఎలా ఉంటుందండీ?"

"ఇవాళ గట్టి వాన."

ఆ సాయంత్రం ఎండ మాడ్చేసింది. ఆనాటినుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. వెళ్ళేటప్పుడే, మళ్ళీ వచ్చే రోజు ఎలా ఉంటుందో అడిగేది. అతను వాన అంటే గొడుగు ఇంట్లో వదిలేసేది. ఎండ అంటే సంచీలో పెట్టుకునేది. ఒక్కసారి కూడా తడవలేదు. ఆ మాట అతనికే చెప్పింది.

"మేం చెప్పేది మొత్తం ప్రాంతానికండీ. ఫలానావారి నెత్తి మీద పడుతుందా లేదా అని కాదు," అన్నాడు అతను రోషంగా.

"అయితే నా నెత్తికి వేరే ఆఫీసు చూసుకోవాలన్నమాట."

"అక్కర్లేదు. నన్నే అడగండి. మీకు పనికొస్తున్నానుగా, తలకిందులుగా అయినా."

ఆమె నవ్వింది. ఆ నవ్వు బస్సెక్కాక కూడా మొహం మీదే ఉందని ఎదుటి సీటులో ఆవిడ తిరిగి నవ్వాకగాని తెలియలేదు.

అలాంటి నవ్వుల దగ్గర ఆమెకి జాగ్రత్త ఎక్కువ. ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేసే మనిషి. నొప్పితో ఉన్నన్నాళ్ళు ప్రతి ఇల్లూ ఆమెకోసం గుమ్మంవైపు చూస్తుంది. తగ్గిన రోజున ఒక కప్పు కాఫీ, నాలుగు మంచిమాటలు, ఆపైన అంతే. పని ఎంత బాగా చేస్తే అంత త్వరగా ఆ తలుపు మూసుకుంటుంది. అందులో బాధపడాల్సిందేమీ లేదని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. ఈ ఇంటి విషయంలో మాత్రం పెద్దాయన చెయ్యి కాస్త తేలిగ్గా కదిలినప్పుడల్లా సంతోషంతోపాటు ఇంకేదో కూడా లోపల కలుక్కుమనేది.

*

ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉంది. పేరుకే కారు.

పెద్దాయన ఉద్యోగమంతా సర్వేయరుగా ఊళ్ళవాళ్ళ పొలాలు కొలుస్తూ, దుమ్ములో దడదడలాడే జీపులో తిరిగాడు. రిటైరయ్యాక, ఎవరికీ చెప్పకుండా, పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని తెచ్చాడు. ఎర్రది, నేలకు కరుచుకుని ఉండేది. పైన గుడ్డ కప్పు. సీట్లు రెండే. దానికోసం గరాజులో నేల తవ్వించి, ఇటుకలు పేర్పించి, మనిషి నిలబడేంత గొయ్యి కట్టించాడు. అందులో దిగి, తల మీదున్న కారుకి సేవలు చేసేవాడు.

"నా సవతి," అని పరిచయం చేసిందావిడ ఒకసారి, వంటింటి పక్క తలుపు తీసి చూపిస్తూ. "నాకు పుట్టినరోజుకి స్వెట్టరు కొన్నారు. దానికి మాత్రం ఊలు కవరు, పట్టుగుడ్డ, విదేశీ మైనం."

గరాజు చీకటిగా ఉంది. మాడిపోయిన ట్యూబ్‌లైటు అలాగే వేలాడుతోంది. స్టూలు ఎక్కితే కాళ్ళు విరగ్గొడతానని ఆవిడ ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచిందట.

ఒక సాయంత్రం వ్యాయామం చేయిస్తుండగా పెద్దాయన మామూలుగా, పాత కుర్చీ సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"బండి అమ్మేస్తున్నానమ్మా. ఆదివారం సాయంత్రం ఒకాయన వచ్చి తీసుకెళ్తాడు."

ఆమె చేతులు ఆగిపోయాయి. "అదేంటి అంకుల్?"

"మలుపు తిరిగినప్పుడు వెనకనుంచి సన్నగా మూలుగుతోంది. డిఫరెన్షియల్‌లో ఆయిల్ మార్చాలి. గొయ్యిలో నిలబడి రెండు చేతులూ నెత్తిమీదికి ఎత్తితేగాని అది అందదు. నావల్ల అవుతుందా?"

"మెకానిక్‌ని పిలిస్తే?"

"ఇంతవరకు దాని మీద పరాయి చెయ్యి పడలేదు. నా చేత్తో చూసుకోలేనప్పుడు అది నా దగ్గరుండి ఏం లాభం?"

కాఫీ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కొడుకుని అప్పుడే చూసిందామె. ఎవరో చెంపమీద కొట్టినట్టుంది అతని మొహం. ట్రే బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆరోజు గేటు దగ్గర అతను వాతావరణం ఎత్తలేదు.

"మీరు ఆదివారం మధ్యాహ్నం రాగలరా? వచ్చి, నాన్నని గదిలోంచి కదలనివ్వకుండా మామూలుకన్నా ఎక్కువసేపు పట్టుకోవాలి."

"ఎందుకు?"

"ఆ ఆయిల్ నేను మారుస్తాను. కొనే ఆయన వచ్చేలోగా నాన్నని కారులో కూర్చోబెట్టి ఒక్క మలుపు తిప్పి చూపిస్తాను. మూలుగు వినపడకపోతే అమ్మరు."

"మీకు వచ్చా ఆ పని?"

అతను తల గోక్కున్నాడు. "చిన్నప్పట్నించీ ఆ గొయ్యిలోనే ఉన్నానండీ, టార్చి పట్టుకుని. ఆయన చెయ్యి ఎటు పోతే వెలుగు అటు పోవాలి. కాస్త పక్కకి పోతే తిట్లు. ఒక్కసారి కూడా స్పానరు నా చేతికివ్వలేదు. ఇందాక విన్నారుగా, పరాయి చెయ్యి పడలేదట. నాదీ అందులోనే లెక్క."

నవ్వుతూనే అన్నాడు. గొంతు మాత్రం నవ్వలేదు.

"ఇంతకీ ఆ డిఫరెన్షియల్ అంటే ఏంటి?" అంది ఆమె, మాట మారుస్తూ.

"వెనక చక్రాల మధ్య గుండ్రటి పెట్టెలాంటిది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పరిగెత్తాలి, లోపలిది తక్కువ. రెండూ ఒకే వేగం అని పట్టుబడితే రోడ్డుమీదే కొట్టుకుంటాయి. దేని దూరం దాన్ని పోనిచ్చి, ఇద్దరినీ కలిపి ఇంటికి తీసుకొచ్చేది అది."

"అంటే మీ అమ్మగారు."

అతను ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వాడు. "అవును! అచ్చం మా అమ్మే!"

"సరే, వస్తాను. ఆదివారం అంకుల్‌ని నాకు వదిలెయ్యండి."

"అలాగే..." అతను గేటు గొళ్ళెం తీస్తూ, వేస్తూ, మళ్ళీ తీస్తూ అన్నాడు. "ఆ పై వారం కూడా వస్తారా?"

"చెయ్యి లేస్తే రావక్కర్లేదు కదా. ఎందుకు?"

"ఎందుకంటే... అదే... కారు పని ఏమైనా మిగిలిపోతే..."

"ఓ, కారు కోసమా," అందామె. గొడుగు చంకలో పెట్టుకుని చకచకా నడిచింది. వాన వస్తుందో రాదో ఆరోజు అడగలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం పెద్దాయనకి నరకం కనిపించింది.

"ఇంకా ఎంతసేపమ్మా! ఇవాళ నామీద పగబట్టావా?"

"ఇవాళ కొత్త వ్యాయామాలు అంకుల్. గోడ మీద వేళ్ళతో పైకి పాకండి. సాలీడులాగ."

"ఆ సాలీడు భుజానికి ఆపరేషన్ అయి ఉండదు."

గరాజు వైపునుంచి ఖంగుమని శబ్దం వచ్చింది. ఆమె గట్టిగా దగ్గింది. మళ్ళీ ఖంగుమంది. ఆమె ఇసుక మూట కింద పడేసింది.

"ఏంటమ్మా ఇవాళ అన్నీ జారవిడుస్తున్నావు?"

"చేతులు చెమట పట్టాయి అంకుల్. మీరు కళ్ళు మూసుకుని, ఈ వేడి సంచీ పెట్టుకుని కాసేపు పడుకోండి. కదిలారో, మళ్ళీ మొదట్నుంచి చేయిస్తాను."

ఆయన్ని అలా బెదిరించి, మునివేళ్ళ మీద వంటిల్లు దాటి గరాజులోకి వెళ్ళింది. తలుపు తీయగానే కుళ్ళిన కోడిగుడ్లూ కాలిన రబ్బరూ కలిపి ఉడకబెట్టినట్టు వాసన గుప్పుమంది. కారు వెనక గొయ్యిలోంచి టార్చి వెలుగు పైకి కొడుతోంది.

"ఏంటండీ ఈ కంపు?"

"గేర్ ఆయిల్. దిగి రండి. నా కొంప మునిగింది."

ఆమె ఇటుక మెట్లు దిగింది. గొయ్యిలో ఇద్దరు నిలబడితే మోచేతులు రాసుకునేంత చోటే ఉంది. అతని చెంపమీద నల్లటి మరక, చొక్కా నిండా చుక్కలు. నోట్లో టార్చి పెట్టుకుని పనిచేశాడు కాబోలు, పెదవుల పక్కన గుండ్రంగా అచ్చు పడింది. కాళ్ళ దగ్గర తట్టలో తారులాంటి పాత ఆయిల్ నిండి ఉంది.

"దీనికి రెండు బోల్టులు ఉంటాయి," అన్నాడు అతను గుసగుసగా. "కింది బోల్టు తీస్తే పాతది కారిపోతుంది. పై బోల్టు తీసి కొత్తది పోయాలి. కిందిది సులువుగా వచ్చేసింది. నాకేదో ఈ విద్య పుట్టుకతో వచ్చిందనుకున్నాను. మొత్తం ఖాళీ చేసి, బోల్టు బిగించి, పై దాని మీద రెంచి వేస్తే... కదలడం లేదు. ఇంచు కూడా."

"అయితే?"

"అయితే ఇప్పుడు దీనికి పాత ఆయిలూ లేదు, కొత్త ఆయిలూ లేదు. ఇలాగే నడిపితే లోపలి పళ్ళు అరిగి పొడైపోతాయి. ఆయన బండి మూలుగుతోందన్నారు. నేను దాన్ని చంపేశాను."

అతని కళ్ళు నిజంగానే తడిగా మెరిశాయి. ఏం చెయ్యాలో తోచక ఆమె తన చేతిరుమాలు తీసి అతని చెంపమీద మరక తుడిచింది. మరక పోలేదు, ఇంకా పెద్దదైంది. ఇద్దరూ ఒకరినొకరు అంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూసుకోలేదు. టార్చి వెలుగులో ఆమె కనురెప్పల నీడలు బుగ్గలదాకా పడుతున్నాయి. అతను ఏదో అనబోయాడు.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక నల్లటి బొట్టు జారి ఆమె జడమీద పడింది.

"అయ్యో!"

"అబ్బే, పర్లేదు," అందామె, పర్లేదనడానికి వీల్లేని వాసన పీలుస్తూ. "నేను వెళ్ళి అంకుల్‌ని ఇంకాసేపు ఆపుతాను. మీరు ఏదో ఒకటి ఆలోచించండి."

గదిలోకి వచ్చి, ఏమీ ఎరగనట్టు వేడి సంచీ సర్దబోయింది. పెద్దాయన కళ్ళు మూసుకునే ముక్కు ఎగబీల్చాడు. ఒకసారి. రెండోసారి. కళ్ళు తెరిచాడు.

"డాక్టరమ్మా, నీ జడలోంచి డిఫరెన్షియల్ ఆయిల్ వాసన వస్తోందేంటి?"

ఆమె చటుక్కున జడ వెనక్కి వేసుకుంది.

"ఒరేయ్!" అంటూ పెద్దాయన మంచం దిగాడు.

*

గొయ్యి అంచున నిలబడి, తట్టలో ఆయిల్ చూసి, కొడుకు మొహం చూసి, ఆయన ఒక్కటే ప్రశ్న వేశాడు.

"పై బోల్టు ముందు విప్పావా?"

కొడుకు తల వంచుకున్నాడు.

"పోసే దారి తెరుచుకుంటుందో లేదో చూసుకోకుండా ఎవడైనా ఖాళీ చేస్తాడట్రా? ఇన్నేళ్ళు నా పక్కన నిలబడి ఏం చూశావు?"

"టార్చి చూశాను," అన్నాడు కొడుకు. తల ఎత్తాడు. "నువ్వు నాకు చూపించింది అదొక్కటే నాన్నా. వెలుగు అటు పట్టు, ఇటు పట్టు. ఏ బోల్టు ముందో, ఏది తరవాతో ఎప్పుడైనా చెప్పావా? పరాయివాళ్ళ చెయ్యి పడకూడదని అమ్మేస్తున్నావు. నాది పరాయి చెయ్యా?"

వంటింటి గుమ్మంలోకి వచ్చిన తల్లి పెన్సిలు చెవి మీద పెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

పెద్దాయన చాలాసేపు ఎర్ర కారువైపు చూశాడు. తరవాత చెప్పులు విడిచి, మెల్లగా, ఎడమచేత్తో గోడ పట్టుకుంటూ గొయ్యిలోకి దిగాడు.

"అంకుల్, వద్దు!" అంది ఆమె.

"నేను బలం పెట్టనులే. నువ్వూ రా. ఇది నీ కేసు. బిగుసుకుపోయింది." కొడుకు చేతిలో రెంచి చూసి, తీసుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఉహూఁ, నీ దగ్గరే ఉంచు. ఎలా పట్టుకోవాలో చెప్తాను. " భార్యవైపు తల తిప్పాడు. "ఏమోయ్, నీ జుట్టు ఆరబెట్టే మిషను ఇలా పట్రా."

"నా హెయిర్ డ్రయ్యరా? దానికా?"

"నీ సవతికేగా. ఒక్కసారి అప్పివ్వు."

ఆవిడ గొణుక్కుంటూనే తెచ్చి, తీగ పొడవు చాలకపోతే ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా తెచ్చింది. ఫిజియో మెట్టు మీద నిలబడి బోల్టు చుట్టూ వేడిగాలి పట్టింది.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నాడు పెద్దాయన. "వెచ్చబెట్టాం. తరవాత?"

"బలం పెట్టకూడదు. కాస్త అటు, కాస్త ఇటు."

"విన్నావురా? ముందు బిగించు, కొంచెం. ఇప్పుడు వదులు చెయ్యి, కొంచెం. మళ్ళీ బిగించు."

"కనపడట్లేదు నాన్నా. టార్చి ఎవరైనా పట్టుకోండి."

పెద్దాయన టార్చి అందుకున్నాడు.

"ఇంకా పైకి," అన్నాడు కొడుకు, రెండు చేతులూ రెంచి మీద పెట్టి. "నా చేతిమీద కాదు నాన్నా, బోల్టు మీద! అబ్బ, కదపకు! ఇంకా పైకి... ఇంకాస్త..."

"పడుతున్నాలేరా, అరవకు!"

"ఇంకొంచెం. అదీ! అక్కడే ఉంచు!"

ఫిజియో చేతిలో డ్రయ్యరు అలాగే ఆగిపోయింది. ఇన్ని వారాలుగా బతిమాలినా, బెదిరించినా, గోడమీద పాకించినా భుజం ఎత్తు దాటని ఆ కుడిచెయ్యి, నిటారుగా, చెవిని రాసుకుంటూ, కారు అడుగుదాకా లేచి నిలబడి ఉంది. వెలుగు చెక్కు చెదరడం లేదు. ఆమె గుమ్మంలో ఉన్న తల్లివైపు చూసింది. ఆవిడా చూసింది. ఆమె పెదవులమీద వేలు పెట్టింది. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది.

టక్కుమంది.

"వచ్చింది!" కొడుకు కేక పెట్టాడు. "నాన్నా, వచ్చేసింది!"

"అంకుల్, కదలకండి," అంది ఆమె మెల్లగా. "అలాగే ఉండి, మీ చెయ్యి ఎక్కడుందో ఒకసారి చూసుకోండి."

పెద్దాయన పైకి చూశాడు. తన చెయ్యి కాదేమోనన్నట్టు చూశాడు. టార్చి వెలుగు అప్పుడు మాత్రం వణికింది.

"ఏమండీ," అంది భార్య.

కాసేపటికి ఆయనే తేరుకుని, ఎడమచేత్తో ఫోను తీసి, కొనే ఆయనకి చేశాడు. "రానక్కర్లేదండీ. బండి అమ్మడం లేదు. మావాడు చూసుకుంటాడు... ఆఁ, మావాడే. పని నేర్చుకుంటున్నాడు."

*

కొత్త వాషర్లు, కొత్త ఆయిలు. చేతిపంపు కొత్త ఆయిలు డబ్బాలో పెట్టి, ట్యూబు పై రంధ్రంలోకి దూర్చి కొడుకు కొట్టడం మొదలుపెట్టాడు. "అంచునుంచి బొట్టు జారితే నిండినట్టు. అప్పుడు ఆపి బోల్టు బిగించు," అంటున్నాడు తండ్రి.

ఫిజియో మెట్లెక్కి బయటికొచ్చింది. ఆ తండ్రీకొడుకుల గొంతులు వింటూ, సంచీలో ఇసుక మూటలు సర్దుకుంది. అన్నీ ఉన్నాయి. ఏదో మిగిలిపోయినట్టు మళ్ళీ చూసుకుంది. ఏమీ మిగల్లేదు.

"ఆంటీ, వెళ్ళొస్తాను. అంకుల్, వ్యాయామాలు మానకండి. ఇక నేను రానక్కర్లేదు."

గొయ్యిలో పంపు శబ్దం ఆగింది. "ఆగండి!"

"ఆపకురా, గాలి దూరుతుంది," అన్నాడు తండ్రి.

పంపు మళ్ళీ మొదలైంది. "వెళ్ళకండి! నేను రాలేను, ట్యూబు వదిలితే ఆయిలంతా మా నాన్న నెత్తిమీద పడుతుంది. అక్కడే ఉండి వినండి. పై వారం కూడా రమ్మన్నది కారు కోసం కాదండీ."

ఆమె వెనక్కి తిరిగింది. "మరి?"

"ఆదివారం కారు అమ్మేస్తే పై వారం కారే ఉండదు కదా! లేని కారుకి పనేంటని ఆ మాత్రం ఆలోచించలేదా మీరు?"

"అబద్ధం ఆడేవాళ్ళు ఆలోచించుకోవాలి. వినేవాళ్ళు కాదు."

"నాకు సరిగ్గా ఆడటం రాదు. చెప్పడమూ రాదు. వాన పడుతుందో లేదో కూడా చెప్పలేనివాణ్ణి. ఒక్కటి మాత్రం కచ్చితంగా తెలుసు. మీరు రాని రోజున ఈ ఇంట్లో..."

తండ్రి టార్చి కొడుకు మొహం మీదికి తిప్పాడు. "గట్టిగా చెప్పరా. పైకి వినపడట్లేదు."

"నాన్నా!"

"ముందు ఆ వెలుగు పక్కకి తిప్పండి," అంది తల్లి నడుముమీద చెయ్యి పెట్టుకుని. "పిల్లాడు చెమటలు పట్టి చస్తున్నాడు."

"మీరు రాని రోజున నాకు ఏ వాతావరణమూ బాగుండదండీ," అన్నాడు అతను ఒక్క ఊపిరిలో. "నాకు మీరంటే చాలా ఇష్టం. చెయ్యి నొప్పి లేకుండానే రావాలి. రోజూ రావాలి."

ఆమె గొయ్యి అంచున మోకాళ్ళ మీద కూర్చుని కిందికి చూసింది. నల్ల మరకల మొహం ఒకటి జవాబు కోసం చూస్తోంది, చేతులు మాత్రం ఆగకుండా పంపు కొడుతున్నాయి. పై రంధ్రం అంచునుంచి తేనెరంగు ఆయిలు సన్నటి ధారగా దిగి, అతని చొక్కా చేతిలోంచి మోచేతిదాకా పాకుతోంది.

"నిండిపోయింది," అందామె. "ఇక ఆపు. చూసుకోవద్దూ?"

అతను గబుక్కున ఆపి బోల్టు పెట్టాడు. తండ్రి నవ్వు గొయ్యి గోడలకి తగిలి మోగింది.

తల్లి ఆమె పక్కనే చతికిలబడి, జడ చేతిలోకి తీసుకుని వాసన చూసి, మొహం చిట్లించింది.

"ఇది ఏ షాంపూకీ లొంగదమ్మాయ్. రోజులు పడుతుంది. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ఈ కంపు అంటుకున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే." జడ వదల్లేదావిడ. "తోడు దొరికింది. మీ అమ్మావాళ్ళ ఫోన్ నంబరు ఇవ్వు. వాళ్ళకి ఈ వాసన సంగతి నేనే చెప్పుకుంటాను."

*

మొదటి మలుపు పెద్దాయనే తిప్పాడు, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని. తిరిగొచ్చి కారు దిగాడు. తాళాలు కొడుకు అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"ఆ పిల్లని ఇంటి దగ్గర దింపిరా. మేము రాలేం, సీట్లు రెండే."

ఎర్ర కారు వీధి చివర మెల్లగా మలుపు తీసుకుంది. కారులో ఇద్దరూ చెవులు రిక్కించి విన్నారు. వెనకనుంచి మూలుగు లేదు. బయటి చక్రం దాని దూరం అది పోయింది, లోపలిది దాని దూరం అది పోయింది. కారు తిన్నగా రోడ్డెక్కింది.

"కప్పు వేసుకోనక్కర్లేదా?" అంది ఆమె, ఆకాశంవైపు చూస్తూ.

"అక్కర్లేదు. ఇవాళ చుక్క కూడా పడదు."

ఆమె ఏదో అనబోయేలోపు ఒక చుక్క వచ్చి అతని ముక్కుమీదే పడింది. ఇంకొకటి ఆమె నుదుటిమీద. ఆపైన ఆకాశం చుక్కల్ని లెక్కపెట్టనివ్వలేదు. కారు పక్కకి ఆపి, చెరో వైపూ నిలబడి, చేతులు నెత్తిమీదికి ఎత్తి గుడ్డ కప్పు లాగారు. గొళ్ళెం పడేసరికి ఇద్దరూ నిలువునా తడిసిపోయారు. జడ వాసన మాత్రం పోలేదు.

ఆమె ఇంటి ముందు కారు ఆగింది. వైపర్లు టపటపా కొట్టుకుంటున్నాయి. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, దిగమనలేకా, దిగొద్దనలేకా కూర్చున్నాడు.

"రేపు ఎలా ఉంటుంది?" అంది ఆమె తలుపు తీస్తూ.

అతను తడి జుట్టు వెనక్కి తోసుకుని, ఆఫీసు గొంతు తెచ్చుకున్నాడు. "రేపు పొద్దున్నించీ ఎండ."

"అయితే గొడుగు పట్టుకుని వస్తాను."